వైద్యమునకు దూరమెంత?

ఒక చికిత్సను నిత్యము చేయు హస్తమే దానియందు నైపుణ్యము గడించునను సూత్రము ననుసరించి, విశేషవైద్యమును చిన్న ఆసుపత్రులనుండి తొలగించి కొలది మహావైద్యాలయములందు కేంద్రీకరించుట నేడు అనేక దేశములందు జరుగుచున్నది. 2010లో లండను నగరము పక్షవాతపు అత్యవసర చికిత్సను సుమారు 30 ఆసుపత్రులనుండి తీసి 8 కేంద్రములకు అప్పగింపగా, అంబులెన్సు ప్రయాణము కొందరికి పెరిగినను మరణములు తగ్గినవి.

అయితే ఒక్కమారు చేయు చికిత్సకు చెల్లు న్యాయము నిత్యచికిత్సకు చెల్లదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునందు, కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ, కారణము నిశ్చయముగా తేలని మూత్రపిండవ్యాధి వేలమందిని పీడించుచుండ, నిపుణుని చూచుటకై సుమారు 200 కిలోమీటర్ల దూరమందున్న విశాఖపట్టణమునకు పోవలసివచ్చెడిది. వ్యాధి ముదిరినవారికి కావలసిన డయాలసిస్ వారమునకు రెండు మూడు పర్యాయములు, ప్రతి పర్యాయము దాదాపు నాలుగు గంటలు సాగునది. తోడుపోవు బంధువు కోల్పోవు కూలియు, బస్సుచార్జీయు, భోజనపు ఖర్చును చేరినపుడు ఉచితవైద్యము సైతము ఉచితము గాకపోవును. సమీపమున డయాలసిస్ కేంద్రములు వెలసి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమగుటతో ఆ దూరము తరిగినది.

కావున అరుదైన చికిత్సకై రోగి నిపుణుని కడకు పోవుట యుక్తము. జీవితాంతము కావలసిన వైద్యము మాత్రము రోగి కడకే రావలెను.