గది తర్వాతే స్పీకరు

షాపులో రెండు స్పీకర్లు పోల్చి విన్నప్పుడు మనసు లాగేది చాలాసార్లు మంచిదాని వైపు కాదు, కాస్త గట్టిగా మోగేదాని వైపు. ఒక్క డెసిబెల్ తేడాకే చెవి మోసపోతుంది. అందుకే రెండింటి శబ్దం సమం చేసి, బాగా ఎరిగిన గొంతుతో పోల్చాలి. నెల్లూరు వాళ్లకు ఆ గొంతు వెతుక్కునే పనే లేదు. తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని 2020లో కంచి మఠానికి ఇచ్చేసిన గాయకుడు ఎస్పీ బాలు పాట పెట్టి, చరణం మధ్య ఆయన ఊపిరి, ‘స’, ‘ష’ల తేడా తెలుస్తున్నాయేమో వినండి.

పెద్ద స్పీకరు కొంటే పోలేదా అంటారు. హాలు పెద్దదైతే నిజమే. కానీ 10 అడుగుల వెడల్పు గదిలో గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం తిష్ఠ వేస్తుంది. మూలన పెడితే మృదంగం కాస్తా డబ్బా మోత అవుతుంది. స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపి, వాటి మధ్య ఎంత దూరమో మీకూ అంతే దూరం ఉంచి, ట్వీటరు చెవి ఎత్తుకు తెస్తే పైసా ఖర్చు లేకుండా తేడా తెలుస్తుంది. స్లాబు, టైల్సు ఉన్న గదికి మందపాటి కర్టెన్లు మేలు. మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలికి స్పీకరు రాగి తీగ కొసలు పచ్చబారతాయి. అప్పుడప్పుడూ కత్తిరించి కొత్తగా బిగించుకోవాలి.