నల్లగురువులు, తెల్లశిష్యులు

విద్య యెవరి సొత్తు? ఈ ప్రశ్న అన్ని దేశములందును కలదు. అమెరికా సంగీతమున నిది జాతివివక్షతో ముడివడి మిక్కిలి తీవ్రమైనది. పాల్ బటర్‌ఫీల్డ్ బ్లూస్ బృందము చరిత్ర అందులకు మంచి నిదర్శనము.

బ్లూస్ అనునది దక్షిణ రాష్ట్రముల ప్రత్తిచేలలో చెమటోడ్చిన నల్లజాతివారి పాట. దాస్యము తొలగినను దైన్యము తొలగని గుండెలలో నది పుట్టెను. మన పరిభాషలో చెప్పవలెనన్న, సాధారణ గాంధారమునకును అంతర గాంధారమునకును నడుమ ఊగులాడు స్వరము దాని ప్రాణము. బ్రతుకుతెరువునకై ఉత్తరమునకు వలసపోయినవారితో నీ పాటయు చికాగో నగరము చేరెను. పానశాలల సందడిలో వినబడుటకై అది విద్యుత్ గిటారును చేపట్టెను. మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్, లిటిల్ వాల్టర్ మున్నగువారు అందు మేటులు.

ఆ నగరముననే 1942లో పాల్ బటర్‌ఫీల్డ్ జన్మించెను. బాల్యమున శాస్త్రీయపద్ధతిని ఫ్లూటు నేర్చెను. పిమ్మట మన పిల్లలు మౌత్ ఆర్గాన్ అనెడు హార్మోనికా అతనిని వశపరచుకొనెను. భౌతికశాస్త్రము చదువుటకై ఓక్లహామానుండి చికాగో విశ్వవిద్యాలయమునకు వచ్చిన ఎల్విన్ బిషప్ అతనికి తోడయ్యెను. ఇరువురును తెల్లవారు. నల్లవారి పేటలకు పోయి పెద్దల పాట వినుటయు, వారు వేదికపైకి పిలిచినపుడు నేర్చినది వినిపించుటయు వారి చదువు. ఆ బడికి పుస్తకము లేదు, పట్టా లేదు; శ్రోతలే పరీక్షకులు.

1963లో బృందమేర్పడెను. హౌలిన్ వుల్ఫ్ వద్ద వాయించుచుండిన జెరోమ్ ఆర్నాల్డ్ బాస్ గిటారునకును, శామ్ లే డ్రమ్ములకును వచ్చిరి. వీరిరువురును నల్లజాతివారు. సంపన్నుల బిడ్డయైన మైక్ బ్లూమ్‌ఫీల్డ్ గిటారుతోను, మార్క్ నఫ్టాలిన్ ఆర్గన్‌తోను తరువాత చేరిరి. పౌరహక్కుల చట్టము 1964లో గాని రాని దేశమున, నలుపు తెలుపులు ఒకే వేదికపై సరిసమానముగా నిలుచుట సామాన్యవిషయము కాదు.

1965 జులైలో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవమున వీరికి పరీక్ష యెదురయ్యెను. నల్లవారి పాటలను దశాబ్దములుగా సేకరించిన ఆలన్ లోమాక్స్ వీరిని కించపరచునట్లుగా సభకు పరిచయము చేసెను. వారి పక్షమున నిలిచిన ఆల్బర్ట్ గ్రాస్‌మన్ ఆయనతో కలియబడెను. పెద్ద లిరువురు నేలబడి పెనుగులాడుట హాస్యాస్పదమే. కాని లోమాక్స్ సందేహము త్రోసివేయదగినది కాదు. పాట పుట్టించినవారు పేదలుగా నుండగా, నేర్చినవారు కీర్తిని గొనిపోవుట న్యాయమా?

1966లో వెలువడిన ‘ఈస్ట్-వెస్ట్’ మనకు ప్రత్యేకముగా చెప్పుకొనదగినది. పదుమూడు నిమిషములు సాగు నా రచనలో మాట లేదు. ఆధారశ్రుతివలె నొకే స్వరము అడుగున మ్రోగుచుండ, గిటారులును హార్మోనికాయు వంతులవారీగా మనోధర్మమును విస్తరించును. భారతీయ రాగాలాపన ప్రభావము అందు స్పష్టము. మన విద్వాంసులు దానిని రాగమని యంగీకరింపకపోవచ్చును. వినయముతో చెవియొగ్గినవారి యత్నమని మాత్రము ఒప్పుకొనక తప్పదు. అప్పటికి అస్వస్థుడైన శామ్ లే స్థానమున బిల్లీ డావెన్‌పోర్ట్ వచ్చియుండెను.

1967లో బ్లూమ్‌ఫీల్డ్, మరుసటి యేట బిషప్ వైదొలగిరి. 1969లో బృందము వుడ్‌స్టాక్ ఉత్సవమున పాడెను, 1971లో విచ్ఛిన్నమయ్యెను. మాదకద్రవ్యములు 1981లో బ్లూమ్‌ఫీల్డ్‌ను, 1987లో బటర్‌ఫీల్డ్‌ను బలిగొనెను. ఇరువురును ఏబదియేండ్లు నిండనివారే. 2015లో రాక్ అండ్ రోల్ కీర్తిమందిరమున బృందమునకు స్థానము లభించెను.

అయినను లోమాక్స్ ప్రశ్నకు సమాధానము సన్మానములలో లేదు. 1969లో మడ్డీ వాటర్స్ పేర ఒక రికార్డు వచ్చెను. అందు బటర్‌ఫీల్డును బ్లూమ్‌ఫీల్డును గురువు చెంత కూర్చుండి వాయించిరి. దానికి పెట్టిన పేరు ‘తండ్రులు, కొడుకులు’. నేర్చిన విద్యకు వెల కట్టలేము. ఎవరివద్ద నేర్చితిమో చెప్పుకొనుట మాత్రము శిష్యుని చేతనే యున్నది.