పులికాటు సరస్సు చెంత ప్రశాంతమైన సెలవు

సెలవులు వచ్చుచున్నవనగానే మన విద్యార్థులలో పెక్కుమంది ‘ఎక్కడికి పోవుదము?’ అని యడుగుదురే గాని, ‘ఎందులకు పోవుదము?’ అని యడుగువారు తక్కువ. నాలుగు దినములలో ఎనిమిది ఊళ్లు చూచి, బయలుదేరినప్పటికంటె నెక్కువ యలసటతో ఇల్లు చేరువారిని ఏటేట చూచుచునే యున్నాము. శరీరమునకు విశ్రాంతియు, మనస్సునకు నెమ్మదియు, బుద్ధికి క్రొత్త జ్ఞానమును కలుగునట్లు సెలవు గడుపుటకు ముందుగా ఆలోచన కావలెను. దీనికి ఉదాహరణముగా సముద్రమునకు చేరువను, ఒక గొప్ప సరస్సు చెంతను ఉన్న సూళ్లూరుపేట పట్టణమును గైకొని, అచట నాలుగు దినములుండి వచ్చుటకు తగిన యేర్పాటును ఈ వ్యాసమున వివరింప బూనితిమి.

మొదట ఆ సరస్సు ఎట్టిదో తెలిసికొనవలెను. సైదాబాదు వారికి చెరువు క్రొత్త కాదు. సరూర్‌నగరు చెరువు మనకు సమీపముననే యున్నది. మీరాలం చెరువును దూరముగా లేదు. ఇవి వాననీటికి అడ్డముగా మనుష్యులు కట్ట వేయగా ఏర్పడినవి. పులికాటు సరస్సు అట్టిది కాదు. దానికి కట్ట వేసినది సముద్రమే. అలలు తెచ్చి పోసిన ఇసుక కాలక్రమమున పొడవైన మెట్టయై, లోపలి నీటిని సముద్రము నుండి వేరు చేసినది. ఆ మెట్టయే నేటి శ్రీహరికోట దీవి. దీవికి తూర్పున బంగాళాఖాతము, పడమట సరస్సు. ఇసుకమెట్టకు నడుమ నడుమ గల సన్నని ముఖద్వారముల గుండ ఉప్పునీరు లోనికి వచ్చును. కాళంగి, ఆరణి మొదలైన నదులు మంచినీటిని తెచ్చి కలుపును. అందుచే ఈ నీరు పూర్తిగా సముద్రపు నీరును కాదు, చెరువు నీరును కాదు. మన దేశమునందలి ఇట్టి సరస్సులలో ఒడిశాలోని చిలకసరస్సు మొదటిది, పులికాటు రెండవది. దీనిలో ఎక్కువభాగము ఆంధ్రప్రదేశమునను, దక్షిణభాగము తమిళనాటను ఉన్నది. ఇంత విశాలమైనదయ్యును దీని సగటు లోతు ఇంచుమించుగ ఒక మీటరే.

ఈ లోతు లేకుండుటయే సరస్సు యొక్క భాగ్యము. లోతు తక్కువగుటచే సూర్యరశ్మి అడుగువరకు చేరును, నాచు పెరుగును, నాచును తిని రొయ్యలును చిన్న పురుగులును వృద్ధినొందును, వానికొరకు పక్షులు వచ్చును. ఆ పక్షులలో ముఖ్యమైనది రాజహంస యని కొందరు పిలుచు ఫ్లెమింగో. ఇది పొడవైన కాళ్లతో నీటిలో నిలిచి, తలను తలక్రిందులు చేసి ముక్కును నీట ముంచి, జల్లెడతో వడపోసినట్లు ఆహారమును వేరుచేసికొనును. దాని గులాబివన్నె పుట్టుకతో వచ్చినది కాదు. అది తిను నాచునందును సూక్ష్మప్రాణులందును గల వర్ణద్రవ్యము వలన కలుగునది. సూళ్లూరుపేటకు ఉత్తరముగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున నేలపట్టు పక్షిసంరక్షణాలయము గలదు. 1976లో ఏర్పడిన ఈ యాలయమున, నీటిలో నిలిచియున్న చెట్లపై గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును, నత్తగుల్ల కొంగలును గూళ్లు కట్టి పిల్లలను పెంచును. పక్షుల రెట్టచే సారవంతమైన చెరువునీరు తమ పొలములకు ఎరువగుచున్నదని యెరిగి, ఆ గ్రామస్థులు వానిని తమ యింటి చుట్టములవలె కాపాడుచు వచ్చిరి.

ఇక కాలనిర్ణయము. మనకు దీర్ఘమైన సెలవులు వేసవిలో వచ్చును గాని, పులికాటునకు వేసవి తగదు. అప్పటికి వలసపక్షులు వెడలిపోవును. సరస్సు ఉత్తరభాగమున నీరింకి బీటలువారిన నేల కనబడును. పక్షులుండు కాలము అక్టోబరు మొదలు మార్చి వరకు. ఇందును అక్టోబరు, నవంబరు నెలలు ఆ తీరమున ఈశాన్య ఋతుపవనములకును తుపానులకును నిలయములు. డిసెంబరులో గూడ వాతావరణ వార్తలు చూచి కదలవలెను. కాబట్టి దసరా సెలవులును అనుకూలములు కావు. క్రిస్మసు ఆరాధనలు ముగిసిన పిమ్మటి దినములు గాని, అంతకంటె మేలుగా సంక్రాంతి సెలవులు గాని యెన్నుకొనదగినవి. సాధారణముగా జనవరిలో ప్రభుత్వమువారు సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుపుదురు. సందడి కోరువారికి అది మంచి వేడుక. నెమ్మది కోరువారు ఆ దినములను తప్పించుకొనవలెను. శ్రీహరికోట నుండి రాకెట్టు ప్రయోగించు దినములందును ఊరు జనసమ్మర్దముతో నిండును. బస దొరకుట కష్టము.

ప్రయాణము సులభమే. హైదరాబాదు నుండి చెన్నపట్టణము వైపు పోవు రైలులో ఒక రాత్రి పయనించి గూడూరున దిగినచో, అచట నుండి సూళ్లూరుపేటకు వేరు రైళ్లును బస్సులును గలవు. సంక్రాంతి నాళ్లలో రద్దీ మెండు. టిక్కెట్లు 60 దినములకు ముందే దొరకుటకు వీలున్నది గనుక ఆలస్యము చేయరాదు. బస ఒక్కచోటనే కుదుర్చుకొనవలెను. దినమున కొక ఊరు మారువానికి విశ్రాంతి యెక్కడిది?

మొదటి దినమున మధ్యాహ్నము వరకు విశ్రమించి, సాయంకాలము కాళంగి యొడ్డున నడచినచో చాలును. ఆ యొడ్డుననే ఊరివారి గ్రామదేవతయైన చెంగాళమ్మ ఆలయము గలదు; దాని తలుపులు రాత్రింబవళ్లు మూయరు. రెండవ దినమున తెల్లవారకముందే లేచి, శ్రీహరికోటకు సరస్సు నడుమగా వేసిన బాటను పోవలెను. అటకానితిప్ప వద్ద నిలిచి చూచినచో ఇరువైపుల నీరును, నీటిపై గులాబిగీతవలె పక్షుల బారును కనబడును. దుర్భిణి యొకటి, వ్రాతపుస్తకమొకటి ఉన్న చాలును. బాట చివరనున్న దీవిలోని అంతరిక్షకేంద్రము 1971 నుండి పనిచేయుచున్నది. 1980లో రోహిణి ఉపగ్రహమును, 2023 జూలై 14వ తేదీని చంద్రయాన్-3ను ఆకసమునకు పంపినది ఇచట నుండియే. అనుమతి లేనిదే లోనికి పోనీయరు. మూడవ దినము నేలపట్టునకు.

నాలుగవ దినమున ఓపిక గలవారు రైలులో పొన్నేరి వరకు పోయి, అచట నుండి బస్సులో సరస్సు దక్షిణపు కొననున్న పళవేర్కాడు గ్రామమును చూడవచ్చును. ఈ ఊరిపేరే ఐరోపావారి నోట ‘పులికాటు’ అయినది. డచ్చివారు 1613లో ఇచట గెల్డ్రియా యను కోట గట్టి, కోరమాండలు తీరమున తమ వర్తకమునకు దీనినే ముఖ్యస్థానముగా జేసికొనిరి. మన తీరపు నేతగాండ్రు నేసిన వస్త్రములు ఓడలలో తూర్పుదీవులకు పోయి, మారుగా సుగంధద్రవ్యములు వచ్చుచుండెడివి. నేడు కోట శిథిలమైనది. చెక్కడపు పనిగల వారి సమాధులు మాత్రము నిలిచియున్నవి. వర్తకము పోయినను బెస్తవారు నిలిచిరి. రొయ్యలు దొరకు తావుల కొరకు తగవులాడక, ‘పాడు’ అను కట్టుబాటు ప్రకారము చీట్లు వేసి వంతులవారీగా వల వేసికొను ఆచారము ఆ ప్రాంతమున తరతరములుగా వచ్చుచున్నది. బలవంతుడే అన్నియు దోచుకొనక, అందరును బ్రతుకుటకు చదువులేని పెద్దలు కనిపెట్టిన న్యాయమిది. చదువుకొన్న మనము దీనిని చూచి నేర్వదగినది గలదు.

ఇంతవరకు మనకు కావలసినది చెప్పితిమి; ఇక సరస్సునకు కావలసినది చెప్పవలెను. పులికాటు ప్రాణము దాని ముఖద్వారములందున్నది. అవి ఇసుకమేటలచే మాటిమాటికి పూడుచున్నవి. పూడినచో సముద్రము నుండి చేపపిల్లలును రొయ్యపిల్లలును లోనికి రాజాలవు. వేసవియెండకు నీరావిరియై ఉప్పదనము మితిమీరును. వల ఖాళీగా పైకి వచ్చును. పక్షి ఆకలితో మరియొక చోటు వెదకికొనును. మనము ‘ప్రశాంతత’ యని మెచ్చుకొను నిశ్శబ్దము రెండు విధములుగా నుండును. పక్షులు మేయుచు, పడవలు మెల్లగా కదలుచుండగా నుండు నిశ్శబ్దము జీవముగలది. పక్షియు పడవయు లేని యెండిన నేలమీది నిశ్శబ్దము మరణముతో సమానము. దూరము నుండి వచ్చు యాత్రికుడు ముఖద్వారమును త్రవ్వజాలడు గాని, అచటి హానిని అధికము చేయకుండుట వాని చేతిలోనిదే. పక్షులు ఎగురుట చూడగోరి కేకలు వేయుట, రాళ్లు విసరుట, ప్లాస్టికు సంచులను నీట పారవేయుట, గూళ్ల చేరువకు పోయి ఫొటోలు తీయుట, ఇవియన్నియు విడువవలెను. బెదరి యెగిరిన ప్రతిసారియు పక్షి తాను కష్టించి సంపాదించిన బలమును వ్యర్థపరచుకొనును. బెస్తవాని పడవ నెక్కినప్పుడు న్యాయమైన కూలి నిచ్చి, అతనిని పేరుపెట్టి గౌరవముగా పలుకరించి, సరస్సును గూర్చి అతడు చెప్పునది వినవలెను. ఏ పుస్తకమునను లేని పాఠములు వాని నోట వినవచ్చును.

ప్రభువు తన శిష్యులు పనిచే అలసియుండుట చూచి, ఏకాంతస్థలమున కొంతసేపు విశ్రమింపుమని పిలిచిన సంగతి సువార్త చదివిన మన విద్యార్థులకు తెలియును. ఆ శిష్యులలో కొందరు సరస్సునందు వల వేసి బ్రతికినవారే. విశ్రాంతి సోమరితనము కాదనియు, మరల పనికి పూనుకొనుటకు బలము కూర్చుకొనుటయనియు దీనివలన తెలియుచున్నది. కావున విద్యార్థులారా, రాబోవు సెలవులకు ఇప్పుడే తలిదండ్రులతో ఆలోచించి, తక్కువ ఊళ్లు చూచి ఎక్కువ నేర్చుకొనునట్లు ఏర్పాటు చేసికొనుడు. సరస్సునొద్ద అతిథులవలె మెలగుడు. మీరు వచ్చిపోయిన పిమ్మట అచట మీ అడుగుజాడలు తప్ప మరేమియు మిగులకుండుగాక!