వరిమడిలో ఎవరికి ఎవరు ఆహారము?

పురుగుమందు తీసికొని వరిమడిలో దిగుటకు ముందు ఒక్కసారి వంగి దుబ్బు మొదళ్లను చూడుడు. అక్కడ పైరును తిను పురుగులే గాక, ఆ పురుగులను తిను ప్రాణులును కలవు. ఇవి కూలి అడుగని కాపరులు. వీనిని గుర్తింపక, తమ చేతులతోనే చంపుకొని, పైరును పోగొట్టుకొను రైతులు పెక్కుమంది కలరు.

ఆహారపు గొలుసు

మొక్క తన ఆహారమును ఎండ, గాలి, నీరు ఆధారముగా తానే తయారుచేసికొనును. జంతువులకు ఆ శక్తి లేదు. అవి మొక్కలనో, తోటి ప్రాణులనో తిని బ్రతుకవలసినదే. వరి రసమును సుడిదోమ పీల్చును. సుడిదోమను సాలీడు పట్టి తినును. సాలీడును కప్ప మ్రింగును. కప్పను పాము మ్రింగును. దీనినే ఆహారపు గొలుసు అందురు. నిజమునకు ఇది ఒక్క గొలుసు కాదు, పెక్కు గొలుసులు అల్లుకొనిన వల. కప్ప సాలీడుతో పాటు దోమలను, పురుగులను కూడ తినును. పాము కప్పతో పాటు ఎలుకను కూడ పట్టును.

సుడిదోమకు శత్రువులు

గూడు కట్టక, నీటిపైనను దుబ్బు మొదటను పరుగెత్తి వేటాడు సాలీడు ఒకటి కలదు. ఇది రోజుకు 5 నుండి 15 పురుగులను తినగలదు. మిరిడ్ నల్లి అను చిన్న ఆకుపచ్చని పురుగు రోజుకు 7 నుండి 10 సుడిదోమ గుడ్లను పీల్చివేయును. దీనిని చూచి పైరు పురుగని పొరబడరాదు.

నాట్లు వేసిన తొలి దినములలో సుడిదోమ అంతగా ఉండదు. మరి అప్పుడు సాలీళ్లు ఏమి తినును? మడిలో వేసిన పశువుల పెంట, పచ్చిరొట్ట కుళ్లగా, వానిపై నీటిలోని సూక్ష్మజీవులు పెరుగును. వానిని తిని, పైరుకు హానిచేయని చిన్న పురుగులు వృద్ధిపొందును. ఆ పురుగులే సాలీళ్లకు తొలి ఆహారము. ఈ విధముగా సాలీళ్లు సుడిదోమ వచ్చు నాటికి సంతతి పెంచుకొని సిద్ధముగా నుండును. కనుక మీరు వేసిన పెంట పైరుకే గాక దాని కాపరికి కూడ తిండి పెట్టుచున్నది.

గొలుసు తెగినచో

పురుగు లేకున్నను ముందు జాగ్రత్తయని మందు చల్లినచో ఈ చిన్న పురుగులు, సాలీళ్లు, నల్లులు చచ్చును. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉండుటచే వానికి మందు సరిగా అందదు. వారము పది దినములలో పిల్లలు బయటికి వచ్చును. వానిని తినువారు ఉండరు. అప్పుడు దోమ మునుపటికంటె మిక్కుటమై, పైరు సుడులు సుడులుగా ఎండిపోవును.

ఇండోనేషియా దేశమునకు ఈ అనుభవము కలిగినది. మందులు విరివిగా చల్లినను అక్కడ సుడిదోమ విజృంభించెను. 1986లో ఆ ప్రభుత్వము 57 రకముల మందులను వరిపై వాడరాదని నిషేధించినది. పిదప పొలములోనే రైతులకు మిత్రపురుగులను గుర్తించుట నేర్పిరి. మందుల వాడకము తగ్గినను ఆ దేశమున వరి పంట తగ్గలేదు. మన దేశము కూడ 1987లో కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించినది.

మీరు చేయవలసినది

1. వారమునకొకసారి మడిలో అక్కడక్కడ 20 దుబ్బులను తట్టి, దోమలను, సాలీళ్లను, నల్లులను వేరువేరుగా లెక్కింపుడు.

2. దుబ్బుకు దోమలు పిలకల దశలో 10 నుండి 15, ఈనిక దశలో 20 నుండి 25 మించకున్నచో, కాపరులు కూడ బాగుగ ఉన్నచో, మందు చల్లక వేచి చూడుడు.

3. నాటునప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయుడు. నత్రజని ఎరువును మితముగా, దఫాలుగా వేయుడు. దోమ కనిపించినచో నీటిని తీసి మడిని ఆరబెట్టుడు.

4. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను వరిపై చల్లకుడు. వానివలన సుడిదోమ మరింత పెరుగును.

కాపరులున్నవని చూడక కూర్చుండుటయు తగదు. లెక్క హద్దు దాటినప్పుడు వ్యవసాయాధికారిని సంప్రదించి, తగిన మందును దుబ్బు మొదళ్లకు తగులునట్లు చల్లవలెను. అంతవరకు మందు డబ్బాను కొట్టములోనే ఉంచుడు. మడిలోని కాపరిని తన పని తాను చేయనిండు.