పాత డీవీడీ వీడియోని ఎడిటింగ్‌కి సిద్ధం చేసుకునే పద్ధతి



శిక్షణలో ఇచ్చిన డీవీడీలు, మన షెడ్లలో తీయించుకున్న వీడియోలు, పెళ్లి డిస్కులు చాలా ఇళ్లల్లో బీరువాల్లో పడి ఉన్నాయి. వాటిలోంచి రెండు నిమిషాల ముక్క కత్తిరించి గ్రూపులో పెడదామంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోదు. తీసుకున్నా మాట రాదు, లేదా బొమ్మలో గీతలు పడతాయి. డిస్కు చెడిపోయిందని పారేయొద్దు. మధ్యలో ఒక పని మిగిలింది, అంతే. చాకీ పురుగుకి ఆకు తరిగి వేసినట్టు, వీడియోని కూడా సాఫ్ట్‌వేర్‌కి తగినట్టు మార్చి ఇయ్యాల.

*ఎందుకు ఇట్లయితాది?*

డీవీడీ టీవీలో చూడటానికి చేసింది, కత్తిరించడానికి కాదు.

▪️ అందులో వీడియో ‘వీఓబీ’ ఫైళ్లుగా ఉంటాది. ఒక్కో ఫైలు 1 జీబీ దాటదు. అందుకే మాట మధ్యలోనే ఫైలు తెగి, మిగతాది ఇంకో ఫైల్లోకి పోతాది.
▪️ వీడియో ఎంపెగ్-2 రకం, ఆడియో ఎక్కువగా ఏసీ3 రకం. కొన్ని సాఫ్ట్‌వేర్లకు ఇవి అర్థం కావు.
▪️ ఒక్కో బొమ్మ రెండు సగాలుగా, గీత విడిచి గీతగా ఉంటాది. పాత టీవీలో తెలియదు. కంప్యూటర్లో చెయ్యి కదిలినా, పురుగు తల ఎత్తినా దువ్వెన పళ్ల మాదిరి గీతలు కనిపిస్తాయి.
▪️ మన దేశపు డిస్కులో బొమ్మ కొలత 720×576. టీవీ దాన్ని సర్ది చూపిస్తాది. సర్దకపోతే మనుషులు సాగినట్టు కనిపిస్తారు.

*ఏం చేయాల?*

1️⃣ డిస్కులోని ‘వీడియో_టీఎస్’ ఫోల్డర్ మొత్తం కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి. ల్యాప్‌టాప్‌కి డ్రైవ్ లేకుంటే బయట తగిలించే యూఎస్‌బీ డ్రైవ్ దొరుకుతాది.

2️⃣ హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో ఆ ఫోల్డర్ తెరవండి. తెగిన ఫైళ్లను అదే కలుపుకుంటాది. ‘టైటిల్’ దగ్గర ఎక్కువ నిడివి ఉన్నది ఎంచుకోండి.

3️⃣ ఇట్ల పెట్టుకోండి:
• ఫార్మాట్: ఎంపీ4, వీడియో: హెచ్.264
• ఫ్రేమ్ రేట్: 25, ‘కాన్‌స్టంట్’. ఇది తప్పితే కత్తిరించేటప్పుడు మాటకీ బొమ్మకీ పొంతన తప్పవచ్చు.
• క్వాలిటీ: 18 నుంచి 20. అంకె తగ్గితే నాణ్యత పెరుగుతాది, ఫైలూ పెరుగుతాది.
• డీఇంటర్లేస్: ‘డీకోంబ్’. దువ్వెన గీతలు పోతాయి.
• అనామార్ఫిక్: ‘నన్’. బొమ్మ సాగదు.
• ఆడియో: ఏఏసీ

4️⃣ మొత్తం మార్చే ముందు ఒక్క చాప్టర్ మార్చి చూడండి. మాట, బొమ్మ సరిగ్గా ఉంటే మిగతాది పెట్టండి. ఆ ఎంపీ4 ఫైలునే షాట్‌కట్, ఓపెన్‌షాట్ లాంటి వాటిలో తెరిచి కత్తిరించుకోండి.

*గుర్తుంచుకోండి*

🔸 కొలత 1080కి పెంచినా కొత్త స్పష్టత రాదు, ఫైలు బరువే పెరుగుతాది.
🔸 డిస్కు తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా కాదు. తేమ ఉండే చాకీ గదిలో డిస్కులు పెట్టొద్దు.
🔸 వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత తగ్గుతాది. ‘డాక్యుమెంట్’గా పంపండి.
🔸 సినిమా డిస్కుల జోలికి పోవద్దు. శిక్షణ డిస్కు అయితే ఇచ్చినవాళ్లను అడిగి పంచండి.
🔸 పని అయినాక కూడా కాపీ చేసిన ఫోల్డర్ తీసేయొద్దు. ఇంకో హార్డ్ డిస్కులో దాచండి.

ఒకే కాపీ ఉన్న డిస్కులు ముందు తీయండి. పోయిన పెద్దల గొంతు కొన్నింటిలోనే ఉంటాది. అది పోతే మళ్లీ రాదు. గూళ్లు అమ్మి షెడ్డు కడిగి ఆరబెట్టే రోజుల్లో ఈ పని పెట్టుకుంటే తీరికగా అయిపోతాది.

— ఒక పట్టు రైతు, నిడుగల్లు, పావగడ తాలూకా