జూలియెట్‌కి కేటీ ఇచ్చిన అమ్మాయి

ఐపీఎల్‌లో టాస్ పడగానే మనం మొదట చూసేది ప్లేయింగ్ లెవెన్. ఎవరున్నారు, ఎవర్ని పక్కన పెట్టారు, ఆ కుర్రాడికి ఈసారైనా ఛాన్స్ ఇచ్చారా? మ్యాచ్ కంటే ముందు ఆ గొడవే ఎక్కువ. లండన్‌లో కొంతమంది ఇదే పిచ్చితో ఇంకో లిస్టు చూస్తారు. రాయల్ బ్యాలే కొత్త సీజన్‌లో ఏ రోజు ఏ పాత్ర ఎవరు చేస్తారన్న లిస్టు. కొన్నేళ్ల కిందట ఎవరైనా ఈ మాట చెప్తే నవ్వేదాన్ని. ఇప్పుడు స్టాండప్ కాల్‌లో కెమెరా ఆపేసి ఆ లిస్టు కోసం ఫోన్ రిఫ్రెష్ చేసేది నేనే.

నాది విజయవాడ. కంప్యూటర్ సైన్స్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు పనిచేసి, ప్రాజెక్టు మీద ఇక్కడికి వచ్చాను. బ్యాలే అంటే తెల్ల గౌన్లు, కాలి వేళ్ల మీద నిలబడటం... నాకు తెలిసింది అంతవరకే. ఆ థియేటర్‌లోకి నన్ను తీసుకెళ్లింది కళాభిమానం కాదు, ఆఫీసు మీద కోపం.

ఎనిమిది నెలలు ఒక పేమెంట్స్ మాడ్యూల్ మీద కూర్చున్నాను. డిజైన్ నాది. కోడ్‌లో ముప్పాతిక నాది. రాత్రి రెండింటికి సర్వర్ పడుకుంటే లేచి లేపింది నేనే. క్లయింటుకి ఫైనల్ డెమో అనేసరికి మేనేజర్ మెల్లగా చెప్పారు: "డెమో ఆయన ఇస్తారమ్మా. క్లయింటుకి ఆయన ఫేస్ అలవాటు. నువ్వు ఓ మూడు రోజులు కేటీ ఇచ్చెయ్."

ఐటీలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కేటీ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. మన బుర్రలో ఉన్నదంతా ఇంకొకరి బుర్రలో పోయడం. పోశాను. క్లయింటు ఎక్కడ ఏం అడుగుతాడో, ఏ బటన్ రెండుసార్లు నొక్కకూడదో కూడా చెప్పాను. డెమో రోజు నేను కాల్‌లో మ్యూట్‌లో ఉన్నాను. క్లయింటు తెగ మెచ్చుకున్నాడు. ఆయన "టీమ్ ఎఫర్ట్" అన్నారు. నేను చాట్‌లో థమ్సప్ పెట్టాను.

ఆ వారాంతం నా మలయాళీ ఫ్లాట్‌మేట్ దగ్గర ఒక టికెట్ మిగిలింది. శనివారం మ్యాట్నీ, నిలబడి చూసే టికెట్, 'రోమియో అండ్ జూలియెట్'. ఇంట్లో కూర్చుంటే ఏడుస్తానని తెలిసి వెళ్లాను.

కోవెంట్ గార్డెన్‌లో ఉంటుంది రాయల్ ఆపెరా హౌస్. రెండువేల రెండువందల పైచిలుకు సీట్లు. ఎర్ర వెల్వెట్, బంగారు రంగు బాల్కనీలు. లోపలికి వెళ్తుంటే మనం వేసుకున్న స్నీకర్లు మనకే వినిపిస్తాయి. నిలబడే చోట రెయిలింగ్‌కి ఆనుకుని, పక్కన ఒక పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటాయి. విరామంలో ఆవిడే పలకరించి చెప్పింది. ఈ రోజు జూలియెట్‌గా చేస్తున్న అమ్మాయికి ఈ పాత్రలో ఇదే మొదటిసారట. అందుకే ఆవిడ వచ్చిందట. స్టార్లని ఎప్పుడైనా చూడొచ్చు, మొదటిసారి మాత్రం ఒక్కసారే వస్తుంది కదా అంది.

మూడో అంకంలో ఒక సీన్ ఉంది. రోమియో వెళ్లిపోయాడు. ఇంట్లోవాళ్లు వేరే పెళ్లి ఖాయం చేసేశారు. జూలియెట్ మంచం అంచున మనకెదురుగా కూర్చుంటుంది. అంతే. ప్రొకోఫియెవ్ సంగీతం వరదలా వచ్చి పడుతూ ఉంటుంది, ఆమె మాత్రం కదలదు. ఒక్క స్టెప్పూ లేదు. గంటన్నరగా గాల్లో ఎగిరిన పిల్ల అక్కడ ఊరికే కూర్చుంది. నేను డాన్సు చూడ్డానికి వెళ్లి, డాన్సు ఆగినచోట ఏడ్చాను. డెమో గుర్తొచ్చి కాదు. సరే, కొంచెం అందుకు కూడా.

వెళ్తూ వెళ్తూ పెద్దావిడ ఒక పేరు చెప్పింది. లిన్ సీమోర్. ఆ పాత్ర అసలు ఎవరిమీద కట్టారో చూడమంది. బస్సులో కూర్చుని ఫోన్ తీశాను. రెండు స్టాపులు దాటిపోయాను.

కెన్నెత్ మాక్‌మిలన్ అనే కొరియోగ్రాఫర్ 1964లో కెనడా టీవీ కోసం బాల్కనీ సీన్ ఒక్కటి చేశాడు. చేసింది లిన్ సీమోర్, క్రిస్టఫర్ గేబుల్. అది నచ్చి, మూడంకాల పూర్తి బ్యాలే కట్టమన్నారు. అదీ ఈ ఇద్దరినీ ఎదురుగా పెట్టుకునే కట్టాడు. మన సినిమావాళ్లు 'హీరోని దృష్టిలో పెట్టుకుని రాసిన కథ' అంటారే, బ్యాలేలో అది ఇంకా గట్టి మాట. ఆ మనిషి నడుం ఎంత వంగుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకుంటుంది, ఎక్కడ తడబడితే అందంగా ఉంటుంది, ఇవన్నీ స్టెప్పుల్లో కలిసిపోతాయి. తల్లిదండ్రుల మాట వినని మొండి జూలియెట్, మంచం మీద రాయిలా కూర్చునే జూలియెట్, ఇదంతా సీమోర్ ఒంట్లోంచి వచ్చింది. ఆమెకి అప్పుడు పాతికేళ్లు.

మొదటి షో 1965 ఫిబ్రవరి 9న. ఆ రాత్రి స్టేజీ మీద ఉన్నది సీమోర్, గేబుల్ కాదు. మార్గో ఫాంటేన్, రుడాల్ఫ్ నురేయెవ్. అప్పట్లో ప్రపంచంలోనే పెద్ద జంట. బ్యాలే చూడనివాళ్లకి కూడా ఆ పేర్లు తెలుసు. తర్వాత అమెరికా టూర్ ఉంది. అక్కడ టికెట్లు అమ్మాల్సిన సాల్ హ్యూరోక్ అనే షో వ్యాపారికి పోస్టర్ మీద ఆ రెండు పేర్లే కావాలి. మేనేజ్‌మెంట్ సరేనంది. ఇక సీమోర్, గేబుల్ ఏం చేశారో తెలుసా? తమ కోసం పుట్టిన స్టెప్పుల్ని మిగతా జంటలకి నేర్పించారు.

కేటీ ఇచ్చారు!

ఆ లైను చదివి బస్సులో గట్టిగా నవ్వాను. ముందు సీట్లో పిల్లాడు వెనక్కి తిరిగి చూశాడు.

మొదటి రాత్రి ఏమైందంటే, చప్పట్లు దాదాపు 40 నిమిషాలు. తెర 43 సార్లు లేచింది. అంటే బాక్సాఫీసు లెక్కలో మేనేజ్‌మెంట్ నిర్ణయం నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఇక్కడే నాకు మండుతుంది. తప్పుడు నిర్ణయం ఫెయిలైతే మనసుకి కాస్త చల్లగా ఉంటుంది. సూపర్ హిట్టయితే ఎవరితో పోట్లాడతాం? తర్వాతి ఏడాది విడుదలైన సినిమా కూడా ఫాంటేన్, నురేయెవ్‌లతోనే. సీమోర్, గేబుల్ వంతు తర్వాత వచ్చింది. 1966లో మాక్‌మిలన్ బెర్లిన్‌లో ఒక కంపెనీకి డైరెక్టర్‌గా వెళ్తూ సీమోర్‌ని తీసుకెళ్లాడు. గేబుల్ కొద్దికాలానికే బ్యాలే వదిలి నటనలోకి వెళ్లిపోయాడు.

ఫాంటేన్‌ని విలన్ చేసేద్దామని చాలా ట్రై చేశాను. కుదరలేదు. అప్పటికి ఆమెకి 45 ఏళ్లు. పద్నాలుగేళ్లైనా నిండని జూలియెట్‌గా ఆ వయసులో ఒప్పించడం మాటలు కాదు. పైగా అంతకు ముందు ఏడాది, 1964 జూన్‌లో, పనామాలో ఆమె భర్త మీద కాల్పులు జరిగాయి. మెడ కింద నుంచి చచ్చుబడిపోయాడు. ఆ వైద్యం ఖర్చు ఆమె కాళ్ల మీదే ఉంది. డాన్సు చేయకపోతే ఇల్లు గడవదు. పాత్ర లాక్కుందని తిట్టాలంటే, ఆ రోజుల్లో ఆమె ఎవరి కోసం డాన్సు చేసిందో గుర్తొస్తుంది.

నా డెమో ఇచ్చిన ఆయనకీ ఆ సంవత్సరం ఏదో ఉండే ఉంటుంది. నాకు అడగాలనిపించలేదు, అంతే.

అప్పట్నుంచి కాస్టింగ్ ఎలా జరుగుతుందో తెలుసుకోవడం నా సైడ్ ప్రాజెక్టు అయిపోయింది. కంపెనీలో దాదాపు వంద మంది. ఐదు మెట్లు: ఆర్టిస్ట్, ఫస్ట్ ఆర్టిస్ట్, సోలోయిస్ట్, ఫస్ట్ సోలోయిస్ట్, ప్రిన్సిపల్. మన అసోసియేట్, సీనియర్ అసోసియేట్ లాంటివే అనుకోండి. జూలియెట్‌ని రోజూ ఒక్కరే చేస్తే కాళ్లు మిగలవు. అందుకే ఒకే బ్యాలేకి నాలుగైదు జంటలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. చివరి మాట డైరెక్టర్‌ది. 2012 నుంచి ఆ కుర్చీలో ఉన్నది కెవిన్ ఓహేర్, ఆయనా ఒకప్పటి డాన్సరే. ఓపెనింగ్ నైట్ సాధారణంగా పేరున్నవాళ్లకి. కొత్తవాళ్ల తొలి ప్రయత్నం చాలాసార్లు శనివారం మధ్యాహ్నం ఆటకి, క్రిటిక్‌లు భోజనం చేసి నిద్రపోయే టైముకి. (నా మాట. వాళ్లు ఒప్పుకోరు.) లిస్టు కింద 'మార్పులు ఉండొచ్చు' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక మడమ బెణికితే చాలు, ఎక్కడో కింది వరుసలో ఉన్న పేరు పైకొస్తుంది.

ఇంజినీర్ మనసుకి బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఈ స్టెప్పులకి డాక్యుమెంటేషన్ ఉంది! 1950ల్లో జోన్, రుడాల్ఫ్ బెనెష్ అనే దంపతులు ఒక లిపి తయారుచేశారు. ఆవిడ డాన్సర్, ఆయన అకౌంటెంట్. సంగీతం రాసుకునే ఐదు గీతలే ఇక్కడా: పై గీత తల, తర్వాత భుజాలు, నడుము, మోకాళ్లు, కింది గీత నేల. చేతులు, కాళ్లు ఎక్కడున్నాయో ఆ గీతల మీద గుర్తులు పెడతారు. అరవై ఏళ్ల కిందటి స్టెప్పు ఇవాళ కొత్తమ్మాయికి నేర్పాలంటే ఆ కాగితం తీస్తారు, పాత డాన్సర్లు పక్కన నిలబడి సరిచేస్తారు. అయినా మంచం మీద ఎలా కూర్చోవాలో కాగితం చెప్పలేదు. అది మనిషి మనిషికి చెప్పుకోవాల్సిందే. ఐదు గీతల్లో పట్టనిదే అసలు కేటీ.

ఈ పద్ధతి ఊరూరికీ మారుతుంది. న్యూయార్క్ సిటీ బ్యాలేలో ఆ పాత్ర మొదటిసారి చేసేవాళ్ల పేరు పక్కన ప్రోగ్రామ్‌లో చుక్కగుర్తు వేస్తారు. పారిస్ ఆపెరాలో అయితే పై మెట్టుకి వెళ్లాలంటే జ్యూరీ ముందు పోటీ పరీక్ష పెట్టడం పాత సంప్రదాయం. మన పోటీ పరీక్షలు అక్కడా ఉన్నాయన్నమాట. కానీ అన్నిటికన్నా పైనున్న 'ఎత్వాల్' హోదాకి పరీక్ష లేదు. డైరెక్టర్ షో అయ్యాక స్టేజీ మీదే ప్రకటిస్తారు. 2023 మార్చిలో సియోల్ టూర్‌లో 'జిజెల్' ఆడుతుంటే, గాయపడిన స్టార్ బదులు గియోమ్ డియోప్ అనే 23 ఏళ్ల కుర్రాడు దిగాడు. షో అయ్యాక మధ్యలో ఒక మెట్టు దాటించి నేరుగా ఎత్వాల్‌ని చేసేశారు. ఆ కంపెనీ చరిత్రలో మొదటి నల్లజాతి ఎత్వాల్ అతనే.

అమెరికన్ బ్యాలే థియేటర్‌లో మిస్టీ కోప్‌లండ్ సంగతి చాలామందికి తెలుసు. ఎనిమిదేళ్లు సోలోయిస్ట్‌గా ఉండిపోయింది. 2015 జూన్ 24న న్యూయార్క్‌లో మొదటిసారి 'స్వాన్ లేక్'లో ప్రధాన పాత్ర చేసింది. 30న ప్రిన్సిపల్ అయింది. పాత్ర ముందు, ప్రమోషన్ వెనక. ఆ వరుసే ఎక్కువచోట్ల నడుస్తుంది. అంటే పాత్ర ఇవ్వకపోతే ప్రమోషన్‌కి దారే లేదు. ఎవరూ నీకు 'నో' చెప్పక్కర్లేదు, లిస్టులో పేరు లేకపోతే చాలు.

ఇదంతా ఫోన్‌లో అమ్మకి చెప్తే ఆవిడకి వెంటనే కూచిపూడి గుర్తొచ్చింది. మా ఊరికి దగ్గరే కదా. "మన దగ్గర ఈ గొడవే లేదే. ఆ ఊరి భాగవతుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగపిల్లాడూ ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్ర యోగి ఒట్టు వేయించుకున్నాడంటారు" అంది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా వస్తే ఆడవాళ్లే జడ విసురు చూసి నేర్చుకునేవాళ్లని మా అమ్మమ్మ అనేదట.

"మరి ఆడపిల్లలకి ఆ వేషం ఇచ్చేవాళ్లు కాదుగా అమ్మా?"

రెండు క్షణాలు సైలెన్స్. "అన్నం తిన్నావా?"

సీమోర్ కథకి తర్వాతి భాగం కూడా చెప్పాలి. మాక్‌మిలన్ ఆమెని వదల్లేదు. 'అనస్తాసియా' ఆమె మీదే కట్టాడు. 1978లో 'మేయర్లింగ్'లో మేరీ వెట్సేరా పాత్ర ఆమెకే, మొదటి రాత్రితో సహా. 1992లో అదే 'మేయర్లింగ్' ఆడుతుండగా ఆపెరా హౌస్‌లో తెర వెనక మాక్‌మిలన్ గుండె ఆగి చనిపోయాడు. సీమోర్ 2023లో పోయింది. ఎవరు రాసినా జూలియెట్ సంగతి లేకుండా రాయలేకపోయారు. అది న్యాయమో కాదో నాకు తేలలేదు. బ్రతికినన్నాళ్లూ చేసిన పాత్రలు అన్ని ఉండగా, ఆ ఒక్క రాత్రి చేయని పాత్రే ముందు వరుసలోకి రావడం కొంచెం చిరాకే.

ఇప్పుడు కొత్త సీజన్ లిస్టు వస్తే నేను పైనుంచి చదవను. శనివారాల మ్యాట్నీలకి వెళ్తాను, తెలియని పేరు ఉందా అని చూస్తాను. డబ్బుల్లేకపోతే ఫ్రైడే రష్ ఉంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి తర్వాతి వారం టికెట్లు కొన్ని ఆన్‌లైన్‌లో వదులుతారు. తత్కాల్ బుక్ చేసిన అనుభవం ఉన్న తెలుగువాళ్లకి ఇది పెద్ద లెక్కలోది కాదు.

ఆఫీసులో ఈమధ్య నన్ను లీడ్ చేశారు. వచ్చే నెల కొత్త మాడ్యూల్ డెమో. సగానికి పైగా రాసింది వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి, రెండేళ్ల అనుభవం. క్లయింటు ముందు మాట్లాడటం ఆమెకి ఇదే మొదటిసారి అవుతుంది. ఇంగ్లిష్‌లో కొంచెం తడబడుతుంది. అప్రైజల్ నాది కూడా ఈ నెలలోనే ఉంది. క్లయింటుకి ఇప్పుడు నా ఫేస్ అలవాటు.

నిన్న ఆ అమ్మాయి పింగ్ చేసింది: "అక్కా, మీకు కేటీ ఎప్పుడు ఇవ్వను?"

'రేపు చెప్తా' అని టైప్ చేసి పంపాను. క్యాలెండర్ ఇన్వైట్‌లో ప్రెజెంటర్ అన్నచోట ఇంకా ఖాళీగానే ఉంది. గురువారంలోపు నింపాలి.