ఆ అర మీటరు ఎక్కడ పడుతుంది? రైళ్లు, బస్సుల్లో పొడవాటి సైకిల్ లెక్కలు

మామూలు సైకిల్ ఈ చివర నుంచి ఆ చివరకు 170 నుంచి 180 సెంటీమీటర్లు ఉంటుంది. వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కే రికంబెంట్ సైకిళ్లలో పొడవు రకం 220 సెం.మీ. దాటుతుంది. ఇద్దరు తొక్కే టాండెమ్ దాదాపు 240. ముందు పెట్టె బిగించిన డచ్చి బరువు సైకిల్ 250 దాకా పోతుంది. రోడ్డు మీద ఈ అర మీటరు, ముప్పావు మీటరు తేడా పెద్దగా అడ్డు రాదు. స్టేషన్ లిఫ్టు ముందు, బస్సు రాక్ దగ్గర ప్రయాణం సాగేదీ లేనిదీ తేల్చేది మాత్రం ఆ తేడాయే.

పొడవు ఎలా లెక్కిస్తారో ముందు చూద్దాం. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఉన్న దూరం వీల్‌బేస్. మామూలు సైకిల్‌కు ఇది సుమారు 100 సెం.మీ. దానికి రెండు చక్రాల వ్యాసార్ధాలు, 34 చొప్పున కలిపితే 168, అంటే దాదాపు 170. పొడవు రికంబెంట్‌కు వీల్‌బేస్ 165 దగ్గర ఉంటుంది. ముందు చిన్న చక్రం వ్యాసార్ధం 24, వెనకది 34 కలిపితే 223. ఈ రెండు అంకెలూ విడివిడిగా గుర్తుంచుకోవాలి. ఒక చోట 165ను కొలుస్తారు, మరో చోట 223ను. ఏది కొలుస్తారో తెలియకుండా బయల్దేరిన వాళ్లే ప్లాట్‌ఫారం మీద ఇరుక్కుపోతారు.

ఇంత పొడవెందుకు అన్న ప్రశ్న సహజం. పొడవు రికంబెంట్‌లో ముందు చక్రం పెడళ్లకు చాలా ముందుంటుంది కాబట్టి మలుపులో మడమ చక్రానికి తగలదు. బరువు వెనక సీటు మీద పడుతుంది. మణికట్లు, మెడ నొప్పి వల్ల మామూలు సైకిల్ మానేసిన వాళ్లు చాలామంది దీన్ని తొక్కగలుగుతారు. చూపు లేనివారు సైకిల్ తొక్కాలంటే టాండెమ్ వెనక సీటే దారి. వేగంలోనూ పొడవు రికంబెంట్ తీసిపోదు. 1986 మే నెలలో ఫ్రెడ్ మార్కమ్ గంటకు 65 మైళ్ల వేగం దాటి డ్యూపాంట్ బహుమతి గెలిచిన గోల్డ్ రష్, కాలిఫోర్నియాలో గార్డ్‌నర్ మార్టిన్ తయారుచేసిన పొడవు రికంబెంటే. గాలిని చీల్చే తొడుగు తొడిగారు, అంతే.

అయినా సైకిల్ అనగానే 180 సెం.మీ. లోపు వస్తువే అందరి మనసులో మెదలడానికి చరిత్ర ఉంది. 1933 జులై 7న పారిస్‌లో షార్ల్ మోషే చేసిన రికంబెంట్ మీద ఫ్రాన్సిస్ ఫోర్ గంటలో 45.055 కి.మీ. తొక్కి రికార్డు బద్దలు కొట్టాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఆ ఆకారాన్ని పోటీల నుంచి వెలివేసింది. పందెపు సైకిల్ పొడవు 185 సెం.మీ., వెడల్పు 50 సెం.మీ. దాటకూడదని ఆ సంస్థ నిబంధన నేటికీ చెబుతోంది. పోటీల్లేకపోయేసరికి తయారీ తగ్గింది, తయారీ తగ్గేసరికి వీధిలో కనబడటం తగ్గింది. బోగీలో చోటు గీసే ఇంజినీరు ముందు పొట్టి సైకిల్ బొమ్మ ఒక్కటే మిగిలిందని నా నమ్మకం.

బస్సుల సంగతి తేలిగ్గా తేలిపోతుంది. అమెరికాలో సిటీ బస్సు ముందు భాగాన మడతపెట్టే రాక్ ఉంటుంది. సియాటిల్ నగరం 1990లలో దీన్ని బస్సులకు బిగించి ప్రాచుర్యంలోకి తెచ్చింది. ఆ రాక్‌లో చక్రాలు కూర్చునే గాడులుంటాయి కాబట్టి ఇక్కడ కొలిచేది వీల్‌బేస్. అది 44 నుంచి 46 అంగుళాలు, అంటే 112 నుంచి 117 సెం.మీ. లోపు ఉండాలి. బరువు 55 పౌన్లు, అంటే 25 కిలోలు మించకూడదు. పొడవు రికంబెంట్ 15 కిలోల చుట్టూ ఉంటుంది కాబట్టి బరువు పరీక్ష నెగ్గుతుంది. పొడవులో దాదాపు అర మీటరు తేడాతో ఓడిపోతుంది. వెనక సామాను బల్ల పొడిగించిన కరెంటు సైకిల్ 30 కిలోలు దాటితే రెండింటిలోనూ ఓటమే. బస్సు డ్రైవర్‌ను బతిమాలి లాభం లేదు. గాడిలో కూర్చోని చక్రం రోడ్డు మీద జారి పడితే వెనక వచ్చేవారి ప్రాణానికి ముప్పు.

రైలు దగ్గర లెక్క మారుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్‌హోసే వెళ్లే కాల్‌ట్రెయిన్ మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే సన్నీవేల్, మౌంటెన్ వ్యూల మీదుగా పోతుంది. 2024 సెప్టెంబరు నుంచి పూర్తిగా కరెంటు బళ్లు నడుపుతున్న ఈ సంస్థ ఒక్కో రైల్లో 72 సైకిళ్లకు చోటిచ్చింది. ఒకదానికొకటి ఆనించి నాలుగేసి కట్టుకోవాలి. ఇక్కడ వీల్‌బేస్‌తో పనిలేదు, మొత్తం పొడవు 80 అంగుళాలు, అంటే 203 సెం.మీ. దాటకూడదు. చక్రాలు రెండే ఉండాలి, తొక్కేవారు ఒక్కరే అయ్యుండాలి. మన 223 సెం.మీ. రికంబెంట్ 20 సెం.మీ. తేడాతో బయటే ఉండిపోతుంది. చక్రాల మధ్య దూరం తక్కువున్న పొట్టి రికంబెంట్ మాత్రం లోపలికి వస్తుంది. వారానికి అయిదు రోజులు రైలెక్కాల్సినవారు కొనేముందే ఈ తేడా చూసుకోవాలి.

అసలు కష్టం బోగీలో కన్నా బోగీ దాకా చేరడంలో ఉంది. చక్రాల కుర్చీ, తోడు మనిషి పట్టేలా ఐరోపా ప్రమాణాలు చెప్పే లిఫ్టు నేల 110 సెం.మీ. వెడల్పు, 140 సెం.మీ. లోతు. మూల నుంచి మూలకు గీస్తే 178. మామూలు సైకిల్ ఏటవాలుగా సరిగ్గా పడుతుంది, లేదా వెనక చక్రం మీద నిలబెడితే ఇంకా సులువు. 223 సెం.మీ.ది నేల మీద పట్టదు. అడుగు భాగంలో 120 సెం.మీ. పరచి మిగతాది పైకి లేపితే ముందు చక్రం 188 సెం.మీ. ఎత్తున ఉండాలి. కాగితం మీద కుదురుతుంది. పదిహేను కిలోల బండిని తలకన్నా ఎత్తుకు లేపి, సీటు గోడకు తగలకుండా, తలుపు మూసుకునేదాకా పట్టుకోగలవాడికే నిజంలో కుదురుతుంది. ఈ సైకిల్ అవసరమైన నడుం నొప్పి మనిషికి ఆ బలం ఎక్కడిది?

తర్వాత మలుపు. 90 సెం.మీ. వెడల్పున్న రెండు దారులు లంబకోణంలో కలిసే చోటు ఊహించండి. సన్నటి కర్ర అయితే 2.55 మీటర్లదాకా తిరుగుతుంది. వస్తువుకు వెడల్పు ఉన్నకొద్దీ ఆ పొడవు తగ్గుతుంది, వెడల్పు ఒక సెంటీమీటరు పెరిగితే పొడవు రెండు సెంటీమీటర్లు పోతుంది. హ్యాండిల్ తిప్పి సైకిల్‌ను 30 సెం.మీ. మందానికి తెస్తే తిరగగలిగే పొడవు 1.95 మీటర్లు. మామూలు సైకిల్ ఊపిరి పీల్చుకుంటుంది, పొడవు రికంబెంట్ గోడకు ఢీకొంటుంది. హ్యాండిల్ తిప్పకుండా 60 సెం.మీ. వెడల్పుతో తోస్తే ఆ అంకె 1.35కి పడిపోతుంది. అప్పుడు మామూలు సైకిలే తిరగదు. తలుపుకు ఎదురుగా, మలుపు లేకుండా, నేల మీదే ఖాళీ చోటు ఉండాలని పొడవు సైకిళ్లవారు పదేపదే అడగడానికి కారణం ఈ రేఖాగణితమే.

కొన్ని దేశాలు దీన్ని సగం అర్థం చేసుకున్నాయి. 2025 జూన్ 7 నుంచి అమల్లో ఉన్న ఐరోపా సమాఖ్య రైల్వే నిబంధన ప్రకారం, కొత్త రైళ్లు కొనేటప్పుడు ఒక్కో రైలుకు కనీసం 4 సైకిళ్ల చోటు ఉంచాలి. జర్మనీ ఐసీఈ 4 రైల్లో 8 ఉన్నాయి. అయితే ఒక్కో చోటు ఎంత పొడవుండాలన్నది ఆ అంకెల్లో లేదు. బ్రిటన్‌లో 2017 నుంచి తిరుగుతున్న హిటాచీ ఇంటర్‌సిటీ రైళ్లలో సైకిల్‌ను అరలాంటి గదిలో కొక్కేనికి నిలువుగా వేలాడదీయాలి. అదే బ్రిటన్ ప్రభుత్వం 2020 జులైలో సైకిల్ దారుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో 2.8 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పున్న సైకిల్‌ను కొలమానంగా పెట్టుకోమని చెప్పింది. దారి 2.8కి, రైలు 1.8కి. ఇంటి నుంచి స్టేషన్‌కు తీసుకొచ్చిన దారి స్టేషన్‌లోనే వదిలేస్తుంది. ఇంతకన్నా కోపెన్‌హాగన్ లోకల్ రైళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. 2010 నుంచి అక్కడ సైకిల్‌కు టికెట్ లేదు, బోగీలో మడత సీట్ల ఎదుట నేల ఖాళీగా ఉంటుంది.

మన దగ్గర సంగతి వేరు. బోగీలోకి తీసుకెళ్లే పెట్టె 100 × 60 × 25 సెం.మీ. దాటకూడదన్నది భారతీయ రైల్వే కొలత. పొట్టిదైనా పొడవుదైనా సైకిల్ అందులో ఇమడదు. రెండూ లగేజీ ఆఫీసులో బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో వేయాల్సిందే. బయల్దేరడానికి కనీసం అరగంట ముందు అప్పగించాలన్నది నియమం, సైకిల్‌కైతే గంటన్నర ముందే వెళ్లడం మంచిది. బ్రేక్ వ్యాన్ కొక్కేల అర కాదు, వెడల్పు తలుపున్న ఖాళీ గది. 180కి పట్టే చోట 223 కూడా పడుతుంది. అర మీటరు ఎక్కువైందని తిప్పి పంపే కొక్కెం, గాడి అందులో లేవు. భయం పొడవు గురించి కాదు, మీద పడే మూటల గురించి. పెడళ్లు, అద్దాలు విప్పి, చైను పక్కన గేరు మార్చే భాగానికి అట్ట చుట్టి, గోనెపట్టాతో కట్టి, దిగే స్టేషన్ పేరు రెండు చోట్ల పెద్దక్షరాలతో రాయాలి. బోగీ ఒకటి 24 మీటర్లు, 22 బోగీలకు 528. బ్రేక్ వ్యాన్ ఉండే ఆ కొస బోగీ దాకా పరుగెత్తాల్సి రావచ్చు. రెండు నిమిషాలే ఆగే స్టేషన్‌కు సైకిల్ బుక్ చేయకండి, పెద్ద జంక్షన్‌లో దిగి తొక్కుకుంటూ రండి.

ఆర్టీసీ బస్సు వెనక నిచ్చెన, పైన సామాను వేసుకునే క్యారియర్ ఉన్న రోజుల్లో సైకిల్ పైకెక్కేది. నగరాల్లో ఇప్పుడా బస్సులు కనబడవు. కొచ్చి మెట్రో 2020 నవంబరు నుంచి సైకిళ్లను ఉచితంగా రానిస్తోంది. హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కి.మీ. సైకిల్ దారి తెరిచారు. అక్కడికి పొడవాటి సైకిల్ చేర్చాలంటే నేను చెప్పే మార్గం టాటా ఏస్ బండి. తొట్టి పొడవు సుమారు 2.2 మీటర్లు, వెడల్పు 1.5. నేరుగా పెడితే 223 మూడు సెంటీమీటర్లు బయటకు వస్తుంది. మూల నుంచి మూలకు 2.66 మీటర్లుంది కాబట్టి ఏటవాలుగా పడుకోబెడితే చక్కగా పడుతుంది.

ఫ్రేమును కోసి మరలతో కలిపే కప్లింగులు వేయించుకునే దారీ ఉంది. విమానాలు ఒప్పుకునే 26 × 26 × 10 అంగుళాల పెట్టెలో సర్దుకునేందుకే వాటిని చేశారు. ఖర్చు ఎక్కువ. ఏడాదికి ఒకసారి దూరదేశం వెళ్లేవారికి సరే గానీ రోజూ రైలెక్కేవారికి పనికిరాదు.

ప్రయాణానికి ముందు టేపు తీసి మూడు కొలతలు రాసుకోండి: ఇరుసు నుంచి ఇరుసుకు, చివర నుంచి చివరకు, హ్యాండిల్ తిప్పాక వెడల్పు. విచారణ కౌంటర్‌లో సైకిల్ తీసుకెళ్లవచ్చా అని అడిగితే అవతలి మనిషి మనసులో ఉన్న 175 సెం.మీ. సైకిల్‌కే జవాబొస్తుంది. ‘నా సైకిల్ 223 సెంటీమీటర్లు, లిఫ్టు లోతెంత, సైకిల్ పెట్టే చోటు నేల పొడవెంత’ అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కొత్త బోగీలకు టెండర్లు పిలిచే మెట్రో సంస్థలకు కూడా అవే అంకెలతో ఉత్తరం రాయండి.